స్ట్రెయిట్-పుల్ రైఫిల్ కొనేముందు: బోల్ట్ సంగతి చివర్లో

మా అక్క కూతురు కాజీపేటలో ఉంటుంది. డిగ్రీ రెండో సంవత్సరం. రెండేళ్ళుగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటింగ్ చేస్తోంది. ఆదివారం తెల్లవారుజామున రైలెక్కి హైదరాబాద్ పోయి, గచ్చిబౌలి రేంజ్‌లో ప్రాక్టీస్ చేసుకుని రాత్రికి ఇల్లు చేరుతుంది. పోయిన నెల ఫోన్ చేసి అడిగింది: "మామా, 50 మీటర్లకు మారుదామనుకుంటున్న. అందరూ స్ట్రెయిట్-పుల్, స్ట్రెయిట్-పుల్ అంటున్నరు. అదే తీసుకుంటే మంచిగుంటదా?"

ఫోన్‌లో సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఇదే ప్రశ్నతో ఉన్నవాళ్ళు వరంగల్, కరీంనగర్ వైపు ఇంకా కొందరున్నారని నాకు తెలుసు. నేను హనుమకొండలో చదువుకునేటప్పుడు ఎన్‌సీసీలో .22 రైఫిల్‌తో (గొట్టం వెడల్పు అంగుళంలో సుమారు 0.22 వంతు) గురి నేర్చుకున్నాను. ఆ ఇష్టం ఇప్పటికీ పోలేదు.

ముందు స్ట్రెయిట్-పుల్ అంటే ఏమిటో చూద్దాం. ఇంటి తలుపు గడియను గుర్తు తెచ్చుకోండి, మన దిక్కు బేడెం అంటాం. గడియ తీయాలంటే పిడిని పైకి లేపాలి, పక్కకు జరపాలి. వేయాలంటే మళ్ళీ జరిపి కిందికి వాల్చాలి. మామూలు బోల్ట్ రైఫిల్ పనిచేసేది అచ్చం ఇలాగే. పిడి పైకెత్తితే లాక్ వదులుతుంది, వెనక్కి లాగితే కాల్చిన తూటా ఖాళీ డొల్ల బయటపడుతుంది, ముందుకు తోస్తే కొత్త తూటా ఎక్కుతుంది, పిడి కిందికి వాలిస్తే లాక్ పడుతుంది. మొత్తం నాలుగు కదలికలు. స్ట్రెయిట్-పుల్‌లో పిడి ఎత్తడం, దించడం ఉండవు. నేరుగా వెనక్కి, నేరుగా ముందుకు. లాక్ తీయడం, వేయడం లోపలి యంత్రాంగమే చూసుకుంటుంది.

ఆ యంత్రాంగం ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. స్విట్జర్లాండ్ సైన్యం వాడిన కే31 రైఫిల్‌లో పిడికి ఉన్న కడ్డీ నేరుగా కదులుతుంటే, మెలిక తిరిగిన గాడి ఒకటి లోపలి బోల్ట్‌ను తిప్పుతుంది. జర్మనీ బ్లేజర్ కంపెనీ ఆర్8లో బోల్ట్ తల చుట్టూ ఉన్న ఉక్కు రేకులు గొడుగులా విచ్చుకుని బ్యారెల్ గాడిలో పట్టేస్తాయి. జర్మనీ ఆన్‌షుట్జ్ కంపెనీ బయాథ్లాన్ (మంచు మీది పోటీ, కింద చెబుతాను) రైఫిల్‌లో ఉండే ఫోర్ట్‌నర్ బోల్ట్‌ను పట్టి ఉంచేవి చిన్న ఉక్కు గుండ్లు, సైకిల్ బేరింగ్‌లో ఉండేలాంటివి. రష్యా ఇజ్మాష్ బయాథ్లాన్ రైఫిల్‌లో మోకాలిలా మడిచే కీలు ఉంటుంది, దాన్ని వేలితో లాగి బొటనవేలితో తోస్తారు. అందుకే "స్ట్రెయిట్-పుల్ మంచిదా" అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. అది ఒక రైఫిల్ పేరు కాదు, ఒకే పనిని రకరకాలుగా చేసే కుటుంబం పేరు.

అసలు ఇంత పేరు దీనికి ఎక్కడినుంచి వచ్చింది? రెండు చోట్లనుంచి. ఆ రెండూ మనకు దూరమే.

మొదటిది మంచు. బయాథ్లాన్ అంటే మంచు మీద స్కీయింగ్ చేస్తూ, మధ్యమధ్య ఆగి 50 మీటర్ల దూరంలోని ఐదు గురులను కొట్టే పోటీ. పడుకుని కొట్టేటప్పుడు గురి 45 మిల్లీమీటర్లు, నిలబడి కొట్టేటప్పుడు 115. గుండె దడదడలాడుతుంటే, ఊపిరి అందకుండా ఉంటే, సెకన్లు లెక్కపెట్టుకుంటూ ఐదు తూటాలు కాల్చాలి. ఆటోమేటిక్, సెమీ ఆటోమేటిక్ (కాల్చగానే తర్వాతి తూటా దానంతట అదే ఎక్కే) తుపాకులకు అక్కడ అనుమతి లేదు. ప్రతి తూటాకూ చేత్తోనే బోల్ట్ లాగాలి. అలాంటి చోట పిడి ఎత్తే, దించే రెండు కదలికలు తగ్గితే అది పెద్ద లాభం. చేతి గ్లవ్ తీయకుండా, చెంప రైఫిల్ మీదనుంచి కదలకుండా, మళ్ళీ గురి పట్టొచ్చు. ఫోర్ట్‌నర్ బోల్ట్ పుట్టింది ఆ అవసరంలోంచే.

రెండోది బ్రిటన్ చట్టం. 1987 ఆగస్టులో హంగర్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఒక మనిషి 16 మందిని కాల్చి చంపాడు. మరుసటి ఏడాదే ఆ దేశం .22 రిమ్‌ఫైర్‌ను (అడుగు అంచు మీద దెబ్బ పడితే పేలే చిన్న తూటా రకం) మాత్రం వదిలి మిగతా సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళను నిషేధించింది. ఆ రకం రైఫిళ్ళతో పోటీలు ఆడేవాళ్ళకు మిగిలిన దారి ఏమిటంటే, అదే ఆకారంలో, తూటా పేలిన గ్యాస్‌తో బోల్ట్‌ను కదిలించే యంత్రాంగం లేకుండా, ప్రతిసారీ చేత్తో లాగే స్ట్రెయిట్-పుల్ రైఫిల్. ఇంగ్లిష్ వీడియోల్లో, రివ్యూల్లో మన పిల్లలకు ఎక్కువగా కనబడేది ఈ రకమే. అక్కడ అది సరైన ఎంపిక, ఎందుకంటే అక్కడి చట్టం, అక్కడి పోటీలు ఆ రైఫిల్‌ను అడుగుతున్నాయి.

మరి మన పోటీలు ఏం అడుగుతున్నాయి? నా మేనకోడలికి నేను మొదట చెప్పింది ఇదే. రైఫిల్ బొమ్మలు పక్కన పెట్టు, నువ్వు ఆడబోయే పోటీ రూల్స్ ముందు తెరువు.

50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో మోకాలి మీద, పడుకుని, నిలబడి ఒక్కో భంగిమలో 20 చొప్పున 60 షాట్లు కాల్చాలి. తూటా .22 లాంగ్ రైఫిల్. గురిలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, అంటే మన చిటికెన వేలి గోరంత. సమయం గంటన్నర. అరవై షాట్లకు పంచితే ఒక్కోదానికి నిమిషంన్నర. పైగా అక్కడ మ్యాగజీన్ (తూటాలు నింపే డబ్బా) పెట్టుకుని వరుసగా కాల్చడం ఉండదు, ఒక్కో తూటా చేత్తో పెట్టుకోవాలి. నిమిషంన్నర చేతిలో ఉన్నప్పుడు బోల్ట్ అర సెకను ముందు కదిలితే ఒరిగేదేముంది? 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే ఈ పోటీలోనే 451.4 పాయింట్లతో కాంస్యం తెచ్చాడు. ఆ ఫైనల్ చూసినవాళ్ళకు తెలుస్తుంది, షూటర్ల టైమ్ అంతా బోల్ట్ తిప్పడంలో పోదు. శ్వాస కుదిరేదాకా, రైఫిల్ నిలిచేదాకా ఆగడంలో పోతుంది.

అయినా స్ట్రెయిట్-పుల్‌కు ఇక్కడ కూడా ఒక నిజమైన లాభం ఉంది, దాన్ని దాచను. పడుకుని కొట్టేటప్పుడు ఎడమ మోచేయి, స్లింగ్ (రైఫిల్‌ను చేతికి బిగించే పట్టీ), భుజం కలిసి ఒక కట్టులా బిగుస్తాయి. ఆ కట్టు షాట్ తర్వాత షాట్ చెదరకుండా ఉండాలి. మామూలు బోల్ట్ ఎత్తేటప్పుడు మణికట్టు మెలిపెట్టాలి, కొంచెం బిగువుంటే రైఫిల్ పక్కకు ఒరుగుతుంది. నేరుగా లాగే బోల్ట్‌తో ఆ ఒరుగుడు తక్కువ. కాబట్టి లాభం వేగంలో లేదు, కదలకుండా ఉండటంలో ఉంది. కానీ మంచి 50 మీటర్ల మ్యాచ్ రైఫిల్‌లో, ఉదాహరణకు ఆన్‌షుట్జ్ 54 యాక్షన్‌లో (బోల్ట్ నడిచే భాగం), మామూలు బోల్టే రెండు వేళ్ళతో ఎత్తేంత మెత్తగా కదులుతుంది. ఎలాగూ ప్రతి తూటా చేత్తో పెట్టుకోవాలి కాబట్టి కుడిచేయి ప్రతిసారీ కదలక తప్పదు. ఇవన్నీ లెక్కేస్తే ఆ లాభం చాలా చిన్నది.

నష్టం వైపు కూడా చూడాలి. సీసా బిరడా బిగుసుకుంటే మనం నేరుగా లాగం. ముందు కొంచెం తిప్పి, పట్టు వదిలాక లాగుతాం. మామూలు బోల్ట్ పిడి పైకెత్తినప్పుడు జరిగేది కూడా అదే. ఆ తిప్పుడులో ఉన్న బలం గదిలో (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు, చాంబర్) అతుక్కున్న డొల్లను కదిలిస్తుంది. చాలా స్ట్రెయిట్-పుల్‌లలో ఆ తిప్పుడు బలం మన చేతికి అందదు, లాగే బలమే దిక్కు. మొదటి ప్రపంచయుద్ధంలో కెనడా సైనికులు రాస్ అనే స్ట్రెయిట్-పుల్ రైఫిల్‌తో వెళ్ళారు. గురిలో అది గట్టిదే. కానీ 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర కందకాల బురదలో బోల్ట్‌లు బిగుసుకుపోయాయి. సైనికులు బూటుకాలితో తన్ని బోల్ట్ తెరవాల్సి వచ్చింది. దొరికినవాళ్ళు రాస్ పారేసి బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ తీసుకున్నారు. లీ-ఎన్‌ఫీల్డ్ అంటే ఎవరో కాదు, మన ఊళ్ళల్లో పోలీసుల భుజాన ఏళ్ళ తరబడి చూసిన త్రీ నాట్ త్రీ.

అయితే ఆ కథ చెప్పి .22 స్ట్రెయిట్-పుల్‌ను కొట్టిపారేయడం న్యాయం కాదు. .22 తూటాలో ఒత్తిడి చదరపు అంగుళానికి దాదాపు 24,000 పౌండ్లు. .308 లాంటి పెద్ద తూటాలో అది 62,000 దాకా పోతుంది. ఒత్తిడి తక్కువ కాబట్టి .22 డొల్ల గదిలో అంత గట్టిగా అతుక్కోదు. బయాథ్లాన్ వాళ్ళకు ఏళ్ళ తరబడి ఇబ్బంది లేకపోవడానికి ఇదొక కారణం. .22తో మనకు వచ్చే చిక్కు వేరు. ఈ తూటాకు మైనం పూత, సీసం ఉంటాయి. గది అంచున అవి పేరుకుంటాయి. దానికి మన ఎండాకాలం దుమ్ము తోడైతే, సన్నటి గుండ్లతో, కీళ్ళతో నడిచే బోల్ట్ బరువెక్కుతుంది. ఫోర్ట్‌నర్ లాంటివి మైనస్ 20 డిగ్రీల చలిలోనూ పనిచేసేలా తయారైనవి. మనకు మే నెలలో 44 డిగ్రీలు. మామూలు బోల్ట్‌ను బయటికి లాగి గుడ్డతో తుడిచి పెట్టొచ్చు. స్ట్రెయిట్-పుల్ విప్పాలంటే నేర్చుకోవాలి, చిన్న భాగం పోతే ఎక్కడినుంచి తెప్పించాలో ముందే తెలిసి ఉండాలి. ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) విరిగితే ఎవరు బాగుచేస్తారు అన్న ప్రశ్నకు పేరుతో సహా జవాబు దొరక్కపోతే, ఆ రైఫిల్ ఎంత గొప్పదైనా నేను కొనమని చెప్పను.

ఇప్పుడు గురిని నిజంగా మార్చే విషయాలకు వస్తాను. నాకు ఎక్కువ చెప్పాలని ఉన్నది వీటి గురించే.

అన్నింటికంటే ముందు కన్ను. రెండు చేతులూ చాచి, వేళ్ళ మధ్య చిన్న కిటికీలా చేసి, రెండు కళ్ళూ తెరిచి దూరంగా ఉన్న ఒక వస్తువును ఆ కిటికీలోంచి చూడండి. తర్వాత ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు కిటికీలోనే ఉంటుందో అది మీ బలమైన కన్ను. కుడిచేతివాటం ఉండి ఎడమకన్ను బలంగా ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళు కుడి భుజాన రైఫిల్ పెట్టి ఏళ్ళ తరబడి తమలోనే లోపం ఉందని బాధపడతారు. ఎడమ భుజానికి మారాలా, లేక ఎడమకంటికి అడ్డుపట్టీ పెట్టుకోవాలా అన్నది కోచ్‌తో తేల్చుకున్నాకే రైఫిల్ మాట. బ్లేజర్ లాంటి కొన్నింటిలో బోల్ట్‌ను ఎడమచేతికి మార్చుకునే వీలుంది. చాలా రైఫిళ్ళలో ఎడమ అంటే వేరే రైఫిలే.

తర్వాత కొలత. చొక్కా కొలతలు తీసుకోకుండా కుట్టించం కదా. ట్రిగ్గర్‌నుంచి వెనక భుజానికి ఆనే పలక దాకా ఉండే పొడవు, చెంప ఆనే దిమ్మ ఎత్తు, భుజపలక పైకీ కిందికీ జరిగే వీలు, ఈ మూడూ మార్చుకోగలిగే స్టాక్ (భుజానికి, చెంపకు ఆనే రైఫిల్ కట్టు) ఉండాలి. చెంప ఆనించి కళ్ళు మూసి, మెడను వదులుగా వదిలి, మళ్ళీ కళ్ళు తెరవండి. వెనక సైట్ రంధ్రం మధ్యలో ముందు సైట్ కనిపిస్తే స్టాక్ మీకు సరిపోయింది. కనిపించడానికి మెడ చాపాల్సి వస్తే, ఆ మెడ అరవయ్యో షాట్ దాకా మోయాల్సిన బరువు అది. నా మేనకోడలు వాడుతున్న ఎయిర్ రైఫిల్ స్టాక్ ఒక పొడుగాటి అబ్బాయికి సరిచేసి ఉంది. రెండేళ్ళు ఎవరూ దాన్ని తగ్గించలేదు. ఆమె నిలబడి కొట్టిన షాట్లు ఎప్పుడూ కుడికి ఎందుకు పోతున్నాయో అడిగితే, ఇంకా ప్రాక్టీస్ చేయమనే చెప్పారు.

బరువు కూడా దీనిలోదే. రూల్స్ ప్రకారం 50 మీటర్ల రైఫిల్ 8 కిలోల దాకా ఉండొచ్చు, ఎయిర్ రైఫిల్ ఐదున్నర దాకా. ఉండొచ్చు అన్నంత మాత్రాన ఉండాలని కాదు. బరువు కదలికను తగ్గిస్తుంది, నడుమును అలసిపోయేలా చేస్తుంది. ఆ రెండింటి మధ్య మీ శరీరానికి ఏది సరిపోతుందో గంటసేపు పట్టుకుంటేగాని తెలియదు.

ట్రిగ్గర్ ఎంత బరువో చెప్పే అంకె కంటే, ప్రతిసారీ ఒకే చోట, ఒకే తీరుగా వదులుతుందా అన్నదే ముఖ్యం. ఇక్కడ ఒక జాగ్రత్త. ఎయిర్ రైఫిల్‌తో ఉత్త షాట్లు సాధన చేసిన అలవాటుతో .22 రైఫిల్‌ను కూడా ఖాళీగా నొక్కకండి. చాలా రిమ్‌ఫైర్ రైఫిళ్ళలో ఫైరింగ్ పిన్ ఖాళీ గది అంచుకు తగిలి అది దెబ్బతింటుంది. ఆ మోడల్‌లో ఖాళీ సాధనకు వీలుందో లేదో మాన్యువల్‌లో చూసుకోవాలి.

ఇక తూటా. కొత్తవాళ్ళలో చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే. మ్యాచ్ తరగతి .22 తూటా రెండున్నర గ్రాముల సీసం ముక్క. సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో పోతుంది, 50 మీటర్లు చేరడానికి సెకనులో ఆరో వంతు పడుతుంది. శబ్దవేగం కంటే కొంచెం తక్కువలో ఉంచడం కావాలని చేసేదే. ఆ వేగాన్ని దాటి మళ్ళీ కిందికి వచ్చేచోట తూటా కుదుపుకు లోనవుతుంది. ఒకే కంపెనీ, ఒకే పేరు, కానీ లాట్ నంబర్ (ఒకేసారి తయారైన బ్యాచ్ నంబర్) మారితే అదే బ్యారెల్‌లో గుంపు, అంటే టార్గెట్ మీద షాట్లు ఎంత దగ్గరగా పడతాయన్నది, మారిపోతుంది. అందుకే పెద్ద షూటర్లు ఈలీ, లాపువా లాంటి కంపెనీల టెస్ట్ రేంజ్‌లకు తమ బ్యారెల్‌నే తీసుకుపోయి, లాట్ తర్వాత లాట్ కాల్చి ఎంచుకుంటారు. మనం అంత దూరం పోలేం. కానీ రెండు మూడు లాట్‌లు కొంచెం కొంచెం తెచ్చి, రైఫిల్‌ను బల్లకు ఆనించి, ఒక్కోదానితో పది షాట్ల గుంపులు ఐదు కొట్టి చూడొచ్చు. మూడు షాట్ల గుంపును నమ్మకండి. మూడు దగ్గరగా పడటం అదృష్టం కూడా కావచ్చు, యాభై దగ్గరగా పడటం కాదు. ఎన్‌సీసీలో మాకు గ్రూపింగ్ నేర్పినప్పుడు ఉస్తాద్ ఎప్పుడూ గురి మధ్యలో పడిందా అని అడగలేదు, అన్నీ ఒక్కచోట పడ్డాయా అనే అడిగాడు. మధ్యకు తేవడం సైట్ పని, ఒక్కచోట వేయడం మన పని.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. బోల్ట్ ఎలా కదిలినా .22 రైఫిల్‌కు లైసెన్స్ తప్పనిసరి. 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనలు దీనికి ఆధారం. దరఖాస్తు ఆన్‌లైన్‌లో జాతీయ ఆయుధ లైసెన్సుల పోర్టల్‌లో పెట్టాలి. వరంగల్ కమిషనరేట్ పరిధిలో దాన్ని చూసేది పోలీస్ కమిషనర్. లైసెన్స్‌కు మామూలుగా 21 ఏళ్ళు నిండాలి, అంతకు తక్కువ వయసువాళ్ళకు జూనియర్ టార్గెట్ షూటర్‌గా నిబంధనల్లో వేరే దారి ఉంది. 2019 సవరణ తర్వాత మామూలు మనిషి రెండు ఆయుధాలకు మించి ఉంచుకోకూడదు, లైసెన్స్ గడువు ఐదేళ్ళు. క్రీడాకారులకు వాళ్ళ స్థాయిని బట్టి మినహాయింపులున్నాయి. విదేశీ రైఫిల్ తెప్పించుకోవడం అందరికీ తెరిచిన దారి కాదు. పేరున్న షూటర్ల స్థాయికి చేరినవాళ్ళకు నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ద్వారా ఆ వీలుంటుంది. ఈ ఒక్క కారణంతోనే వీడియోలో చూసిన మోడల్ మీద మనసు పెట్టుకోవడం దుఃఖానికే దారి తీస్తుంది. 20 జూల్స్ లోపు బలం ఉన్న .177 ఎయిర్ రైఫిల్‌కు మాత్రం లైసెన్స్ అవసరం లేదు. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తోనే. అది చిన్నపిల్లల ఆట కాదు.

ఇంత చెప్పాక కూడా స్ట్రెయిట్-పుల్ ఎవరికి సరిపోతుందో సూటిగా చెప్పాలి. మణికట్టు నొప్పి లేదా గాయం వల్ల బోల్ట్ ఎత్తడం కష్టమైనవాళ్ళకు సరిపోతుంది. మ్యాగజీన్‌తో, టైమ్ పెట్టి ఆడే పోటీలే తమ దారి అని తేల్చుకున్నవాళ్ళకు సరిపోతుంది. రేంజ్‌లో ఇప్పటికే ఒకరి దగ్గర ఉండి, దాన్ని విప్పి బిగించడం తెలిసిన మనిషి అందుబాటులో ఉన్నవాళ్ళకు సరిపోతుంది. పాత ఇజ్మాష్ లాంటిది చట్టప్రకారం చేతికొస్తే, బ్యారెల్ మూతి అంచు చెడిపోకుండా ఉంటే, నేనూ వద్దనను. త్రీ పొజిషన్స్ మొదలుపెట్టే పిల్లలకు మాత్రం బాగా సరిచేసుకోగలిగే స్టాక్, మంచి ట్రిగ్గర్, నమ్మకమైన మామూలు బోల్ట్ ఉన్న రైఫిలే కావాలి. మిగిలిన డబ్బు తూటాలకు, షూటింగ్ జాకెట్‌కు, రైలు టికెట్లకు పోవాలి.

మేనకోడలు ఇదంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇప్పుడు ఏం జెయ్యాలె మామా?" అంది. ఆ ఆదివారం నేనూ ఆమెతో రైలెక్కాను. రేంజ్‌లో అలెన్ కీ అడిగి తీసుకుని, ఆమె వాడుతున్న ఎయిర్ రైఫిల్ భుజపలకను రెండు సెంటీమీటర్లు లోపలికి జరిపాం, చెంప దిమ్మను వేలు మందం పైకి లేపాం. కళ్ళు మూసి, మెడ వదిలి, తెరిచి చూసింది. "సక్కగ మధ్యలనే ఉంది" అంది. మధ్యాహ్నం కోచ్ తన ఎదురుగా రేంజ్‌కు చెందిన పాత మామూలు బోల్ట్ .22తో పడుకుని ఇరవై షాట్లు కొట్టనిచ్చాడు. గుంపు ఎడమకు పడింది కానీ, అన్నీ ఒక్కచోటే పడ్డాయి. ఆ టార్గెట్ కాగితం మీద తూటా లాట్ నంబర్, తేదీ రాసి సంచిలో పెట్టుకుంది.